నాయనమ్మ పలకని పేరు

పోయిన నెల మా తమ్ముడి కొడుకు బెంగళూరు నుంచి ఫోన్ చేశాడు. వాడికి బాబు పుట్టి పది రోజులైంది, ఇంకా పేరు తేలలేదట. "అత్తయ్యా, పాత పేర్లు నీకే బాగా తెలుసు. మంచి సంప్రదాయమైన పేరొకటి చెప్పు" అన్నాడు. నా సంతోషం తీరకముందే షరతులు మొదలయ్యాయి. రెండక్షరాలు దాటకూడదు. క్లాసులో ఇంకెవరికీ ఉండకూడదు. దేవుడి పేరే కావాలి గానీ వింటే దేవుడి పేరని తెలియకూడదు. ఇంగ్లీషులో రాస్తే ఎవరైనా తడుముకోకుండా చదవాలి. "అంటే పాతదే కావాలి అత్తయ్యా, కానీ కొత్తగా ఉండాలి."

"మీ నాన్న పేరు తిప్పి పెట్టుకోరాదూ, అది మీ ముత్తాత పేరు కూడాను" అన్నాను.

"నాన్నే వద్దంటున్నాడు" అని నవ్వాడు.

మా తమ్ముడు వద్దనడంలో వింతేం లేదు. ఆ పేరుతో వాడు పడ్డ పాట్లు వాడికి తెలుసు. ఆ పేరు వాడికి రావడానికి ఇంటిల్లిపాదీ పడ్డ పాట్లు మాత్రం వాడికి తెలియవు, అప్పటికి వాడి వయసు మూడు వారాలు. నాకు తొమ్మిదేళ్ళు. పైగా ఆ వ్యవహారంలో రాతపని నాదే కాబట్టి నాకంతా గుర్తుంది.

తమ్ముడి పేరు గురించి చెప్పాలంటే ముందు తాతయ్య పేరు చెప్పాలి. ఆ పేరు చెప్పాలంటే నాయనమ్మ గురించి చెప్పాలి. తాతయ్య పేరు గోవిందరాజులు. ఊళ్ళోవాళ్ళకి గోవిందయ్యగారు. నాయనమ్మకి మాత్రం 'ఆయన', 'ఏమండీ', నాన్నతో మాట్లాడేటప్పుడు 'మీ నాన్న', నాతో అయితే 'మీ తాతయ్య'. మొగుడి పేరు నోటితో పలికితే ఆయుష్షు తగ్గుతుందని ఆ కాలపు ఆడవాళ్ళ నమ్మకం. తెనాలి దగ్గర మా పల్లెలో ఆ పట్టింపు లేని ఇల్లు ఒక్కటీ ఉండేది కాదు. పక్కింటి అత్తయ్య వాళ్ళాయన పేరు సోమయ్య. ఆవిడ వారంలో సోమవారం ఉండేది కాదు. ఆదివారం, దాని మర్నాడు, మంగళవారం, అంతే. పిల్లలం కావాలని "అత్తా, ఇవాళ ఏం వారం?" అని అడిగి పారిపోయేవాళ్ళం.

ఆవిడకి వారానికి ఒక్క రోజే ఇబ్బంది. నాయనమ్మకి రోజంతానూ. గోవింద నామం మన నోళ్ళలో ఎన్ని చోట్ల దూరి ఉందో ఆలోచించండి. కేశవనామాల్లో నాలుగోది అదే. విష్ణుసహస్రనామంలో అయితే రెండుసార్లు వస్తుంది. తిరుపతి వెళ్ళేవాళ్ళ బండి కదిలిందంటే అదే కేక. నాయనమ్మ "వెంకటరమణా" అనేది, "ఏడుకొండలవాడా" అనేది, "ఆపదమొక్కులవాడా" అని కూడా అనేది. అందరూ గొంతెత్తే ఆ చివరి మాట దగ్గరికొచ్చేసరికి పెదవులు బిగబట్టి, రెండు చేతులూ తలమీద జోడించి ఊరుకునేది.

భక్తి సంగతి అలా ఉంచితే, తెలుగువాడికి ఏదైనా పోయిందంటే దానికీ ఆ మాటే దిక్కు. చీటీపాట వాడు ఎగ్గొడితే డబ్బు గోవిందా. వాన పడితే ఆరబోసిన మిరపకాయలు గోవిందా. నాయనమ్మకి అదీ లేదు. ఒకసారి పిల్లి ఉట్టెక్కి పాలు తాగేస్తే, వంటింట్లోంచి ఆమె కేక నాకిప్పటికీ చెవుల్లో ఉంది: "అయ్యో, పాలన్నీ మీ తాతయ్య పేరైపోయాయే!" వసారాలో పడక్కుర్చీలోంచి తాతయ్య, "పిల్లి తాగితే నన్నెందుకే లాగుతావు?" అన్నారు.

తాతయ్య 1969లో పోయారు. ఇంక ఆయుష్షు భయం లేదు కదా, ఇప్పుడైనా పలకొచ్చు కదా అని నా ఏడేళ్ళ బుర్రకి తోచింది. అడిగేశాను కూడా. అమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చింది. నాయనమ్మ మాత్రం కోప్పడలేదు. "అలవాటు లేని మాట, నోరు తిరగదే" అంది.

1971 మార్చిలో పార్లమెంటు ఎన్నికలొచ్చినప్పుడు ఓటెయ్యడానికి నన్ను వెంటపెట్టుకుని వెళ్ళింది. ఎందుకో మా బడి గదిలోకి వెళ్ళాకే తెలిసింది. బల్ల దగ్గర కూర్చున్న ఆయన జాబితాలో వేలు పెట్టి "భర్త పేరేంటమ్మా?" అన్నాడు. నాయనమ్మ నా భుజం గిల్లింది. పాఠం అప్పజెప్పినట్టు నేను గట్టిగా "గోవిందరాజులు" అన్నాను. ఆయనకిది కొత్తేం కాదేమో, తలెత్తకుండానే టిక్కు పెట్టాడు. వేలికి సిరా పూయించుకుని బయటికొచ్చాక నా చేతిలో పదిపైసలు పెట్టింది. ఆ ఏడాది నేను తాతయ్య పేరు అద్దెకి పలికి సంపాదించిన మొదటి డబ్బు అదే.

ఆ వేసవిలోనే తమ్ముడు పుట్టాడు. మూడో కాన్పు కాబట్టి అమ్మని పుట్టింటికి పంపలేదు. మూడో కాన్పు అన్నానుగా, మధ్యలో రెండోది ఉంది. నా తర్వాత ఒక పిల్లాడు పుట్టి, ఆర్నెల్లు ఉండి వెళ్ళిపోయాడు. వాడికీ ముచ్చటపడి ఒక పేరు పెట్టారు. ఆ తర్వాత మా ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకలేదు. ఇక్కడ నేనూ రాయను.

అందుకే ఈసారి పేరు దగ్గర అందరూ అంత జాగ్రత్తపడ్డారు. మునసబుగారి రిజిస్టర్లో 'మగశిశువు' అని మాత్రం రాయించి, ఇరవై ఒకటో రోజు బారసాల అని ముహూర్తం పెట్టుకున్నారు. నాన్న వడ్ల లెక్కలు రాసుకునే పొడవాటి పుస్తకంలో వెనక కాగితాలు ఖాళీగా ఉంటే అవి నాకిచ్చి, ఎవరు ఏ పేరు చెప్పినా అందులో రాయమన్నారు. నా దస్తూరీ బాగుంటుందని పేరు. నిజానికి మిగతావాళ్ళందరూ వాదించుకునే పనిలో ఉన్నారు, ఖాళీగా ఉన్నది నేనొక్కదాన్నే.

మొదటి పేజీ అంతా బాబాయిదే. బాబాయి గుంటూరులో బీయే చదివేవాడు. రమేష్, సురేష్, రవికుమార్, కిషోర్, రాజశేఖర్. ఇప్పుడవి తాతల పేర్లయ్యాయి గానీ, ఆ రోజు మా పల్లెలో సురేష్ అనే మాట టెరిలిన్ చొక్కాలా మెరిసేది. ఆ జాబితాలో ఇంకో పేరుంది, బాబాయికి అన్నిటికంటే ఇష్టమైనది. అది వినగానే నాన్న మొహం మాడ్చుకున్నాడు. పొలం గట్టు జరిపి మమ్మల్ని ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిప్పిన ఆసామి పేరు అదే. అది కూడా ఇక్కడ రాయను, వాళ్ళ మనవలూ మేమూ ఇప్పుడు బాగానే ఉంటున్నాం.

రెండో పేజీ సిద్ధాంతిగారిది. పంచాంగం విప్పి, వేళ్ళు మడిచి, ఆరుద్ర నక్షత్రం మూడో పాదం అన్నారు. ఇరవై ఏడు నక్షత్రాలకి నాలుగేసి పాదాల చొప్పున 108, పాదానికి ఒక అక్షరం, పేరు దానితో మొదలవ్వాలి అని విడమరిచి చెప్పారు. అశ్వినికి చూ చే చో లా, రోహిణికి ఓ వా వీ వూ, అలా వరసగా చదువుకుంటూ వచ్చి ఆరుద్ర దగ్గర ఆగారు. "కూ, ఘ..." అని గొంతు సవరించుకున్నారు. మూడో పాదానికి అక్షరం 'ఙ'.

నేను పలక మీద వందసార్లు దిద్దిన అక్షరమే. క ఖ గ ఘ తర్వాత వరసలో కూర్చుని, వాఙ్మయం లాంటి ఏ ఒకటి రెండు మాటల్లోనో తప్ప పని చెయ్యని అక్షరం. దానితో మొదలయ్యే మనిషి ఈ భూమ్మీద ఉన్నాడా? బాబాయి పగలబడి నవ్వాడు. నేను శ్రద్ధగా పుస్తకంలో 'ఙ' అని రాసి పక్కన గీత గీశాను, పేరు దొరికితే నింపొచ్చని. ఆ గీత ఇప్పటికీ అలాగే ఉంది.

"దానికేముంది, పక్క పాదానిది తీసుకుందాం. ఘనశ్యామ్ అనండి" అన్నారు సిద్ధాంతిగారు.

"గొంతులో ముల్లు దిగినట్టుంది, పసివాణ్ణి అలా ఎలా పిలుస్తాం?" అంది నాయనమ్మ.

"అయితే జాతకంలో నేనొకటి రాసుకుంటాను, పిలుచుకునేది మీ ఇష్టం" అని ఆయన తప్పుకున్నారు. జాతకంలో ఒక పేరు, బళ్ళో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు. మన దేశంలో సగం మంది అలా బతికేస్తున్నవాళ్ళే.

పద్నాలుగో రోజున అమ్మ వాళ్ళ నాన్న బస్సు దిగారు. ఆయన హైస్కూల్లో తెలుగు పండితుడుగా చేసి రిటైరయ్యారు. మేం ఆయన్ని తాతగారు అనేవాళ్ళం, ఎత్తుకునే తాతయ్యకీ చదివించే తాతగారికీ తేడా ఉండాలి కదా. కాళ్ళు కడుక్కుని కూర్చోగానే నా పుస్తకం తీసుకుని, రమేష్ దగ్గర్నుంచి చదువుతూ ఒక్కోదానికీ పెదవి విరిచారు. తర్వాత పతంజలిని దింపారు. మగపిల్లవాడికి పేరెలా పెట్టాలో యాజ్ఞికులు చెప్పిన లక్షణాలు మహాభాష్యంలో ఉన్నాయట. పదో రోజు దాటాక పెట్టాలి. మొదటి అక్షరం గ, జ, ద, బ లాంటి నాదమున్న ఘోషాక్షరం కావాలి. మధ్యలో య ర ల వల్లో ఒకటి పడాలి. రెండక్షరాలైనా ఉండాలి, నాలుగైనా ఉండాలి. తండ్రివైపు మూడు తరాల పెద్దల్ని గుర్తుచెయ్యాలి. అన్నిటికంటే ముఖ్యంగా, శత్రువుల ఇంట్లో ఉన్న పేరు కాకూడదు.

ఆ చివరి లక్షణం వినగానే నాన్న బాబాయి వైపు చూసిన చూపు చూడాలి. గట్టు తగాదాకి పతంజలి మహర్షి సాక్ష్యం దొరికింది.

(మా మేనల్లుడి రెండక్షరాల షరతు కూడా అంత పాతదన్నమాట. వాడికి ఈ మాట చెబితే "చూశావా" అంటాడని చెప్పలేదు.)

ఇంతా చేసి ఆయన తన జాబితా విప్పారు. అందులో మొదటి పేరు తిక్కన. భారతంలో విరాటపర్వం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు ఒంటిచేత్తో తెనిగించిన మహానుభావుడు, అచ్చమైన తెలుగు పేరు, ఎవరూ పెట్టుకోకపోవడం మన దౌర్భాగ్యం అన్నారు. గదిలోంచి అమ్మ గొంతు వినిపించింది: "నాన్నా, వాడు రేపు బడికెళ్ళాలి." తాతగారు ఒక నిమిషం ఆలోచించి తనే కొట్టేశారు. నిజమే, ఎంత గొప్ప పేరైనా మొదటి రెండక్షరాల దగ్గరే పిల్లలు ఆగిపోతారు. నన్నయ, ఎఱ్ఱన, ప్రోలయ, కాటయ, మాచన, ఆ పేర్లన్నీ శాసనాల్లోనే ఉండిపోయాయి. పెద్దయ్యాక నాకూ ఆ బాధ కలిగింది గానీ, నా కూతురికి పేరు పెట్టేటప్పుడు నేనూ ఆ వైపు చూడలేదు.

తన పేరు పెట్టమని తాతగారు నోరు తెరిచి అడగలేదు. కానీ భోజనాల దగ్గర గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి అంటూ శాతవాహనుల్లో చాలామంది తల్లి పేరు ముందు పెట్టుకున్నవాళ్ళే అని రెండుసార్లు ఎత్తారు. నాయనమ్మ మజ్జిగ పోస్తూ, "రాజులకి చెల్లుతుందండీ" అంది. మళ్ళీ ఎత్తలేదు.

వీళ్ళెవరూ లేనప్పుడు మా పాలేరు వాళ్ళ అమ్మ వచ్చి అమ్మ మంచం పక్కన కూర్చుంది. ముసలావిడ. "ఒకణ్ణి పోగొట్టుకున్నావు తల్లీ, వీడికి మంచి పేరు పెట్టబాకు" అంది. ఆవిడ చెప్పిన పద్ధతి ఇది: పిల్లాణ్ణి తీసుకెళ్ళి ఎంగిలి విస్తళ్ళ మీద ఒకసారి దొర్లించి పుల్లయ్య అని పిలవాలి. లేదా పెంటకుప్ప మీద చేటలో పడుకోబెట్టి, ఇంకొకరు ఎత్తుకొస్తే వాళ్ళ దగ్గర గుప్పెడు తవుడిచ్చి కొనుక్కోవాలి. అప్పుడు మృత్యువు వీడెవడో పనికిరానివాడు అనుకుని దాటిపోతుంది. అమ్మ ఏమీ అనలేదు. చెయ్యి పిల్లాడి మీద వేసి పడుకుంది. నేను పుస్తకం తెచ్చి 'పుల్లయ్య' అని రాయబోతే నాన్న వచ్చి లాక్కున్నాడు. ఆ పేజీలో 'పు' ఒక్కటే ఉంది.

తర్వాత బ్యాంకు ఉద్యోగంలో ముప్పై ఏళ్ళు ఊళ్ళు తిరిగినప్పుడు ఆ పేర్లు నాకు కౌంటరు అవతల కనిపించేవి. పెంటయ్య, పుల్లమ్మ, భిక్షమయ్య, శ్రీకాకుళం వైపు తవిటయ్య, తవుడు. పక్కనున్న కుర్రాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నాకు మాత్రం ఆ పాసుపుస్తకం చేతిలోకి రాగానే, ఈ మనిషికి ముందు ఆ తల్లికి ఎంతమంది పోయారో అనిపించేది. బతకాలని పెట్టిన పేరు కంటే సంప్రదాయమైనది ఏముంటుంది?

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్న విద్య ఇంకోటుంది, పేరు వింటే ఊరు చెప్పడం. అప్పలనాయుడు, అప్పలస్వామి అంటే సింహాచలం అప్పన్న నీడ. పైడిరాజు అంటే విజయనగరం పైడితల్లి. కోటేశ్వరరావులు ఎక్కువగా కోటప్పకొండ చుట్టూ, పెంచలయ్యలు నెల్లూరులో పెంచలకోన వైపు. ఓబులేసు అహోబిలం నరసింహస్వామి, ఉరుకుందు అంటే కర్నూలు జిల్లా ఈరన్నస్వామి. యాదగిరి, యాదయ్య అంటే ఇంక చెప్పాలా. రాజేశం, రాజయ్య వేములవాడ రాజన్న, అంజయ్య కొండగట్టు. హిందువుల ఇళ్ళల్లో మస్తాన్‌రావులూ దస్తగిరులూ ఉంటారు, దర్గాకి మొక్కుకున్నందుకు పుట్టినవాళ్ళు. పేరంటే మనిషి నుదుటి మీద రాసిన కొండగుర్తు. ఇప్పుడు ఏ ఊరి పిల్లాడైనా అయాన్, విహాన్, రేయాన్ష్. తప్పని అనను, చెవికి బాగానే ఉంటాయి. కానీ ఆ పేరు పట్టుకుని ఏ గుడి మెట్లెక్కాలో తెలియదు. మొన్న మా మేనల్లుడి జాబితాలో ఆరవ్ అని ఉంది, అర్థం 'ప్రశాంతత' అని ఎక్కడో చూశాడట. సంస్కృతంలో ఆరవమంటే చప్పుడు నాయనా అన్నాను. ఫోన్లో వెనక నుంచి పిల్లాడు ఆరున్నొక్క రాగం తీస్తున్నాడు. "అయితే సరిపోయింది" అన్నాడు వాడు.

బారసాలకి రెండు రోజులు ముందు కూడా ఏదీ తేలలేదు. తేల్చింది అమ్మ. అప్పటిదాకా ఆమెని ఎవరూ అడగలేదు. తలుపు చాటునుంచి, "మోపిదేవి సుబ్బారాయుడికి మొక్కుకున్నాను, స్వామి పేరు ముందుండాలి. తర్వాత మామయ్యగారి పేరు పెట్టండి" అంది. వసారాలో మాటలాగిపోయాయి. నాయనమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "నేనూ అదే అందామనుకుంటున్నా" అంది.

కోడలు మామగారి పేరు పలకకూడదు, భార్య భర్త పేరు పలకకూడదు. ఆ పేరే కావాలని పట్టుబట్టిన ఇద్దరూ దాన్ని పలకలేనివాళ్ళే. బాబాయికి ఇది వెంటనే తట్టింది. "మరి పిల్లాణ్ణి పిలిచేదెవరు?" అన్నాడు. పైగా, "అన్నీ గోవిందా అని బళ్ళో ఏడిపిస్తార్రా" అని నాన్న దగ్గర మొత్తుకున్నాడు. తాతగారు కళ్ళు మూసుకుని లెక్కపెడుతున్నారు. గకారం ఘోషాక్షరం. మధ్యలో వకారం ఉంది. పితామహుడి పేరు. సుబ్రహ్మణ్య నాలుగు, గోవిందరాజులు ఆరు, మొత్తం పది. "రెండూ నాలుగూ కాదు గానీ, సరిసంఖ్యే" అని కళ్ళు తెరిచారు. ఆయన ఓటు కూడా పడింది.

బారసాల నాడు ఇత్తడి పళ్ళెంలో బియ్యం పోసి, నాన్న ఉంగరంతో పేరు రాశాడు. 'సుబ్రహ్మణ్య' దగ్గరే పళ్ళెం అయిపోయింది. మిగతాది కింద వరసలో ఇరికించాడు. పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పిల్లాడి చెవిలో మూడేసిసార్లు పేరు చెప్పారు. నాయనమ్మ పేరంటాళ్ళ ముందుకు రానని వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది. భర్త పోయినవాళ్ళని శుభకార్యంలో ముందుకు రానివ్వని రోజులు. అమ్మ పచ్చి బాలింత, ఎవరినీ అడగకుండా లేచి పిల్లాణ్ణి ఎత్తుకెళ్ళి ఆమె చేతుల్లో పెట్టింది. నాయనమ్మ వాడి చెవి దగ్గరకి వంగింది. పెదవులు కదిలాయి. ఏమందో వాడికే తెలియాలి. వాడేమో నిద్రపోతున్నాడు.

ఆ తర్వాత వాణ్ణి ఆ పేరుతో పిలిచే పని నాదీ, నాన్నదీ. అమ్మకి వాడు బాబు. నాయనమ్మ అయితే ఏకంగా 'మీరు' మొదలుపెట్టింది. "లేచారా? పాలు తాగారా? ఏంటి, పక్క తడిపేశారా?" అంటుంటే ఇంటికొచ్చినవాళ్ళు లోపల ఎవరో పెద్దాయన జబ్బుపడ్డారనుకునేవాళ్ళు. ఉయ్యాల ఊపుతూ అన్నమయ్య లాలి పాడేది, తెలుగిళ్ళలో అందరికీ వచ్చిందే. దాని పల్లవి చివర్న ఉన్నది ఆ పేరే. అచ్యుతుణ్ణీ ముకుందుణ్ణీ రాముణ్ణీ చక్కగా పిలుచుకుంటూ వచ్చి, అక్కడికొచ్చేసరికి "ఊఁ..." అని రాగం తీసేది. వాడు ఆ పాటని అలాగే నేర్చుకున్నాడు. మాటలొచ్చాక వాడూ చివర్న ఊఁ అనేవాడు.

బళ్ళో ఏడిపించారు, బాబాయి చెప్పినట్టే. పరీక్ష తప్పినా, గోళీలు ఓడినా వాడి పేరే. 1986లో హిందీ సినిమాల్లోకి ఆ పేరుతో ఒక హీరో వచ్చాకగానీ వాడికి కాస్త ఊపిరాడలేదు.

కానీ నేను చెప్పాలనుకున్నది 1974 సంగతి. వాడికి మూడో ఏడు. పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుమల బయల్దేరాం. అమ్మావాళ్ళు పిల్లాడితో బస్సులో కొండెక్కారు. నాయనమ్మకి నడిచి వస్తానని మొక్కు, ఆమెకి తోడు నేను. మూడువేల అయిదువందల పైచిలుకు మెట్లు. గాలిగోపురం దాకా ఎగశ్వాస. పైనుంచి కిందదాకా జనం ఒక్క గొంతుతో ఆ నామమే అంటూ ఎక్కుతున్నారు. నాయనమ్మ ఒక్కతే మెట్టు మెట్టుకీ పసుపు రాస్తూ మౌనంగా. నాకు పన్నెండేళ్ళు, బుద్ధి కొంచెం వచ్చింది. మళ్ళీ అడగలేదు.

కళ్యాణకట్టలో మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే వాడు కొండ దద్దరిల్లేలా ఏడ్చాడు. గుండయ్యాక పుష్కరిణిలో స్నానం చేయించి, బోడితలకి గంధం పూశారు. అమ్మ తడిచీర మార్చుకోవడానికి వెళుతూ వాడి చెయ్యి నా చేతిలో పెట్టింది. వరాహస్వామి గుడి వైపు నుంచి మేళం వస్తుంటే నేను అటు చూశాను. అంతే. ఇటు చూసేసరికి నా చెయ్యి ఖాళీ.

ఎదురుగా పుష్కరిణి మెట్లు, నీళ్ళు. ఎటు చూసినా పిల్లలు, అందరివీ గుండ్లే, అందరి తలలకీ గంధమే, అందరూ ఒకే ఎత్తు. ఏ పిల్లాడి భుజం పట్టుకు తిప్పినా వాడు మావాడు కాదు. నాకు గొంతు పెగల్లేదు. రోజూ ఇంట్లో నేనే అరిచి పిలిచే పేరు, ఆ రోజు నోట్లోంచి రాలేదు. నాయనమ్మ మెట్ల అంచుకి పరిగెత్తింది. నీళ్ళలోకి చూసింది. జనంలోకి చూసింది. తర్వాత నేనెప్పుడూ వినని గొంతుతో కేకేసింది.

"గోవిందా!"

చుట్టూ ఉన్న జనమంతా తలలమీద చేతులెత్తి "గోవిందా... గోవింద!" అన్నారు.

ఆమె మళ్ళీ అరిచింది. వాళ్ళు మళ్ళీ అన్నారు. ఈసారి వెనక బారులో ఉన్నవాళ్ళూ, గుళ్ళోకి వెళుతున్నవాళ్ళూ అందుకున్నారు. ఆమె పిలుస్తున్నకొద్దీ ఆ కొండంతా పలుకుతూనే ఉంది, పిలిచినవాడు తప్ప. నాలుగోసారో అయిదోసారో, మేళగాళ్ళ పక్క నుంచి ఒక గుండు బయటికొచ్చి, మావైపు చూసి, పాట అయిపోయిందనుకుందో ఏమో, "ఊఁ" అంది.

అమ్మకి సాయంత్రం దాకా చెప్పలేదు. రాత్రి సత్రంలో చాప మీద వాడు నాయనమ్మ పక్కన పడుకుని నిద్రపోయాక, ఆమె చెవి దగ్గరకి జరిగి అన్నాను, "నాయనమ్మా, పలికేశావుగా తాతయ్య పేరు!"

"ఎప్పుడే? నేను పిలిచింది కొండమీదాయన్ని. అందరూ పలికారు, వినలేదూ?" అంది అటు తిరిగి.

నిద్రపోయిందనుకున్నాను. కాసేపటికి చీకట్లో మళ్ళీ ఆమె గొంతు. "మీ తాతయ్య ఏనాడు ఒక్క పిలుపుకి పలికారు గనక."